రాకర్ ఆర్మ్ రేషియో: రోడ్డు మీద తిరిగే వీ8కి ఏది నప్పుతుంది

పుష్‌రాడ్ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ కింద బ్లాకులో తిరుగుతుంది, వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి. క్యామ్ లోబ్ లిఫ్టర్‌ను పైకి లేపితే లిఫ్టర్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకర్ ఆర్మ్ ఒక కొసను లేపుతాయి. రాకర్ రెండో కొస వాల్వును కిందికి నొక్కి తెరుస్తుంది. పొలంలో ఏతానికున్నట్టే దీనికీ ఇరుసు నట్టనడుమ ఉండదు. వాల్వు వైపు చెయ్యి పొడుగు, పుష్‌రాడ్ వైపు చెయ్యి పొట్టి. ఈ రెండు పొడవుల నిష్పత్తినే రాకర్ రేషియో అంటారు. రేషియో 1.5 అయితే లోబ్ 0.300 అంగుళాలు లేపినప్పుడు వాల్వు 0.450 అంగుళాలు తెరుచుకుంటుంది. అదే లోబ్ మీద 1.6 రాకర్ పెడితే 0.480 అంగుళాలు, అంటే దాదాపు 12.2 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. క్యామ్‌ను ముట్టుకోకుండానే వాల్వు లిఫ్ట్ ఏడు శాతానికి కాస్త తక్కువగా పెరిగింది.

రోజూ నడిపే బండిలో కాస్త హుషారు కోరుకునేవాళ్లకు ఈ లెక్క ఎప్పుడూ ఊరిస్తూనే ఉంటుంది. క్యామ్ మార్చాలంటే రేడియేటర్, టైమింగ్ కవర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ అన్నీ ఊడదీయాలి. రాకర్లకు వాల్వ్ కవర్లు విప్పితే చాలు. అయితే రేషియో సొంతంగా ఏ శక్తినీ పుట్టించదు, లోబ్ చేసే పనిని హెచ్చవేస్తుంది, అంతే. లోబ్‌లోని మంచితో పాటు చెడూ హెచ్చవుతుంది కాబట్టి క్యామ్, హెడ్, స్ప్రింగులు ఏమిటో తెలియకుండా రేషియోను ముందుగా ఖాయం చేసుకోవడం తలకిందుల పని. ఈ వ్యాసం ఎక్కువగా షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8ను ఆధారంగా తీసుకుంటుంది. ఈ ప్రయోగాలు అన్నిటికన్నా ఎక్కువగా జరిగింది దాని మీదే.

ఫ్యాక్టరీలు ఎంచుకున్న అంకెలు

1955 మోడల్ సంవత్సరంలో ఎడ్ కోల్ నాయకత్వంలో షెవర్లే తెచ్చిన 265 ఘనపు అంగుళాల వీ8లో రాకర్లు రేకు నుంచి అచ్చుగుద్దినవి. పొడుగాటి షాఫ్ట్ మీద కాకుండా ఒక్కొక్కటీ తన సొంత స్టడ్ మీద, బంతిలాంటి ఇరుసుపై ఊగుతుంది. ఈ ఆలోచన పాంటియాక్ ఇంజనీరు క్లేటన్ లీచ్‌ది. అదే ఏడాది పాంటియాక్ వీ8లోనూ ఇది వచ్చింది. చవక, తేలిక, నూనె కూడా బోలు పుష్‌రాడ్ గుండానే పైకి వచ్చేస్తుంది. దాని రేషియో 1.5. దశాబ్దాలు గడిచినా స్మాల్ బ్లాక్‌కు అదే ప్రమాణంగా నిలిచింది.

మిగతావాళ్లు వేరే అంకెలు ఎంచుకున్నారు. ఫోర్డ్ 289, 302 ఇంజన్లకు 1.6. 1970లో వచ్చిన 351 క్లీవ్‌లాండ్‌కు 1.73. 1965 నాటి షెవర్లే బిగ్ బ్లాక్‌కు 1.7. క్రైస్లర్ ఎల్‌ఏ కుటుంబానికి షాఫ్ట్ మీద ఊగే 1.5 రాకర్లు ఉండేవి, 1992లో వాటి వారసత్వంగా వచ్చిన మాగ్నమ్ ఇంజన్లలో 1.6 అయింది. 1997 నాటి ఎల్‌ఎస్1తో షెవర్లే కూడా 1.7కు మారింది. 2006 కార్వెట్ జెడ్06లోని ఎల్‌ఎస్7కు 1.8 పెట్టారు. మొత్తం మీద కాలంతో పాటు అంకె పైకే పోయింది.

అదే క్యామ్ మీద రేషియోతో లిఫ్ట్ పెంచిన ఫ్యాక్టరీ ఉదాహరణ పాంటియాక్‌లో ఉంది. 1968 నడుమ వచ్చిన రామ్ ఎయిర్ 2 ఇంజన్‌లో వాడిన క్యామ్‌నే 1969 రామ్ ఎయిర్ 4లోనూ వాడారు. మొదటి దానిలో 1.5 రాకర్లతో లిఫ్ట్ 0.470 అంగుళాలు. రెండో దానిలో 1.65 రాకర్లు పెట్టగానే 0.516 దగ్గరికి చేరింది.

1996 కార్వెట్‌లో వచ్చిన ఎల్‌టీ4ది కాస్త భిన్నమైన కథ. దాని తోటి ఎల్‌టీ1 300 హార్స్‌పవర్ ఇస్తే ఎల్‌టీ4 330 ఇచ్చింది. 1.6 రోలర్ రాకర్లు పెట్టడం వల్లే ఆ తేడా వచ్చిందని చెప్పేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. నిజానికి దాని హెడ్లు, ఇన్‌టేక్, క్యామ్, కంప్రెషన్ అన్నీ మారాయి. 30 హార్స్‌పవర్‌ను రాకర్ల ఖాతాలో వేయడం వాటిని అమ్మేవాళ్లకు అనుకూలమైన లెక్క.

ఎక్కువ రేషియో నిజంగా ఏం చేస్తుంది

ఎక్కువ మంది చూసేది గరిష్ఠ లిఫ్ట్‌నే, కానీ వాల్వు ఆ ఎత్తులో ఉండేది క్షణకాలం. అసలు లాభం దారిలో ఉంది. రేషియో పెరిగితే వాల్వు లేచే వేగం, త్వరణం కూడా అదే పాళ్లలో పెరుగుతాయి. క్రాంక్ ప్రతి డిగ్రీ దగ్గరా వాల్వు ఇంతకుముందుకన్నా కాస్త ఎక్కువ తెరిచి ఉంటుంది. లిఫ్ట్ గీత కింది వైశాల్యం పెరగడం అంటే ఇదే. హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజన్‌లో వాల్వు సీటు వదిలే క్షణం, తిరిగి కూర్చునే క్షణం దాదాపు మారవు. 0.050 అంగుళాల వాల్వు లిఫ్ట్ దగ్గర కొలిస్తే మాత్రం రెండు మూడు డిగ్రీలు పెరిగినట్టు కనిపిస్తుంది.

రోడ్డు బండికి ఇది అనుకూలం. పెద్ద క్యామ్ వేస్తే ఓవర్‌ల్యాప్, అంటే రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం, పెరుగుతుంది, ఐడిల్ గరుకవుతుంది, ఇన్‌టేక్ వాక్యూమ్ పడిపోతుంది. పవర్ బ్రేకులు ఆ వాక్యూమ్ మీదే పనిచేస్తాయి. రేషియో పెంచితే ఐడిల్ దాదాపు మునుపటిలాగే ఉంటుంది, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గొడవ చేయదు, మధ్య, పై ఆర్‌పీఎమ్‌లలో మాత్రం కాస్త ఊపిరి ఎక్కువ అందుతుంది. వచ్చే లాభం చిన్నదే. మెత్తటి క్యామ్ ఉన్న 350 ఇంజన్‌లో దాన్ని కొన్ని శాతాల్లో లెక్కపెట్టుకోవాలి.

హెడ్ ఎంత గాలి పోనిస్తుందన్నది రెండో ప్రశ్న. వాల్వు చుట్టూ గాలి దూరే సందు వైశాల్యం వాల్వు వ్యాసంలో నాలుగో వంతు లిఫ్ట్ దగ్గర వాల్వు తల వైశాల్యానికి సమానమవుతుంది. 1.94 అంగుళాల ఇన్‌టేక్ వాల్వుకు ఆ హద్దు 0.485 అంగుళాలు, 2.02 వాల్వుకు 0.505. ఆ పైన గాలిని ఆపేది ఎక్కువగా పోర్టే. అందుకని పాత ఇనుప హెడ్లు 0.450 దాటాక మొండికేస్తే 0.500 లిఫ్ట్ కోసం తాపత్రయపడటం వృథా అనిపించవచ్చు. పూర్తిగా వృథా కాదు, ఎందుకంటే ఆ ఎత్తుకు పోయే దారిలో, తిరిగి వచ్చే దారిలో వాల్వు రెండుసార్లు మంచి ఫ్లో ఉన్న లిఫ్టుల గుండా పోతుంది. అయితే ఆ లాభం తగ్గుతుంది, స్ప్రింగుల మీద పడే భారం తగ్గదు.

ఫ్లాట్ ట్యాపెట్ క్యాముల విషయంలో రేషియోకు మరో ప్రయోజనం ఉంది. బల్లపరుపు అడుగున్న లిఫ్టర్‌పై లోబ్ తాకే చోటు మధ్య నుంచి అంచుకు జరుగుతుంది. లిఫ్ట్ వేగం ఎంత ఎక్కువైతే ఆ జరుగుడు అంత ఎక్కువ. లోబ్ కొస అంచు దాటితే లిఫ్టర్‌ను చెక్కేస్తుంది. షెవర్లే లిఫ్టర్ వ్యాసం 0.842 అంగుళాలు కాబట్టి లెక్క ప్రకారం క్యామ్ డిగ్రీకి 0.0073 అంగుళాలకు మించి లోబ్ లేపలేదు. క్రైస్లర్ లిఫ్టర్ 0.904 అంగుళాలది కనుక దానికి హద్దు 0.0079 దాకా పోతుంది. ఈ గోడను లోబ్ దాటలేదు, రాకర్ దాటగలదు. ఫ్లాట్ ట్యాపెట్లే వాడాలన్న నిబంధన ఉన్న రోజుల్లో నాస్కార్ కప్ ఇంజన్లలో రేషియో 2.0 దాటిపోవడానికి కారణం ఇదే. అది పందెపు ఇంజన్. దాని స్ప్రింగులు, పుష్‌రాడ్లు, రాకర్ స్టాండ్లు రోడ్డు బండివి కావు, దాని ఆయుష్షూ రోడ్డు బండిది కాదు.

భారం ఎవరి మీద పడుతుంది

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు స్ప్రింగ్ 300 పౌండ్ల బలంతో నెడుతోందనుకుందాం. 1.5 రాకర్ ద్వారా లిఫ్టర్ మీద పడేది 450 పౌండ్లు. 1.6కు మారిస్తే వాల్వు మరో 0.030 అంగుళాలు దిగుతుంది. స్ప్రింగ్ రేటు అంగుళానికి 350 పౌండ్లయితే తెరిచినప్పటి బలం 310కి చేరుతుంది. దాన్ని 1.6తో గుణిస్తే లిఫ్టర్ మీద 497 పౌండ్లు. లిఫ్ట్ ఏడు శాతం పెరిగితే లోబ్ ముక్కు మీద భారం పది శాతం పెరిగింది. పుష్‌రాడ్ వంగే గుణం కూడా ఎక్కువ రేషియో దగ్గర మరింతగా బయటపడుతుంది, ఎందుకంటే పుష్‌రాడ్ వైపు ఎంత వంపు ఉన్నా అది వాల్వు దగ్గర రేషియో పాళ్లలో హెచ్చుతుంది. గోడ మందంగా ఉన్న పుష్‌రాడ్లు ఈ మార్పుకు తోడుగా కొనుక్కోవాల్సినవే.

కొత్త ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కు మొదటి అరగంట ప్రాణగండం. నేటి మార్కెట్ నూనెల్లో జింక్ పాళ్లు పాత రోజులకన్నా తక్కువ. ఇంజన్‌ను 2000 ఆర్‌పీఎమ్ పైన 20 నుంచి 30 నిమిషాలు నడిపి లోబ్, లిఫ్టర్ ఒకదానికొకటి అలవాటు పడేదాకా తక్కువ రేషియో రాకర్లే ఉంచాలి. రెండు స్ప్రింగులున్న చోట లోపలిదాన్ని తీసి నడపడం, ఆ తర్వాత పెట్టడం అనుభవజ్ఞుల పద్ధతి. కొత్త క్యామ్, గట్టి స్ప్రింగులు, 1.6 రాకర్లు మూడూ ఒకేసారి బిగించి తాళం తిప్పడమంటే లోబ్‌ను చేజేతులా అరగదీసుకోవడమే. రోలర్ లిఫ్టర్లకు ఈ గండం లేదు.

సందులు, ఖాళీలు

ఎక్కువ లిఫ్ట్ వల్ల తగిలే ప్రమాదం ఉన్న చోట్లు నాలుగు. స్ప్రింగ్ చుట్లు పూర్తిగా కలిసిపోకుండా 0.050 అంగుళాల పైన ఖాళీ మిగలాలి. రిటైనర్ అడుగు వాల్వ్ గైడ్‌కు, దాని సీలుకు తగలకుండా అంతే ఖాళీ ఉండాలి. పిస్టన్‌కు, ఇన్‌టేక్ వాల్వుకు మధ్య 0.080 అంగుళాలు, ఎగ్జాస్ట్ వాల్వుకు 0.100 అంగుళాలు వదలడం చాలాకాలంగా ఉన్న ఆచారం. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగుతుంది, పైగా వేగం హద్దు మీరితే పిస్టన్ తరుముకొచ్చేది దాన్నే, అందుకే దానికి ఎక్కువ. పిస్టన్ గండం గరిష్ఠ లిఫ్ట్ దగ్గర కాదు, ఓవర్‌ల్యాప్ సమయంలో పిస్టన్ పైన ఉన్నప్పుడు. అక్కడ వాల్వు లిఫ్ట్ తక్కువ కాబట్టి రేషియో వల్ల కలిగే మార్పు కూడా చిన్నదే. అయినా మైనం లాంటి మట్టిముద్ద పిస్టన్ మీద అద్ది, ఇంజన్‌ను చేత్తో తిప్పి, ముద్రను కోసి కొలవడం తప్పించుకోదగ్గ పని కాదు.

నాలుగోది స్మాల్ బ్లాక్‌కు ప్రత్యేకం. 1.6 రేషియో తెచ్చేందుకు తయారీదారు పుష్‌రాడ్ కూర్చునే గుంటను ఇరుసుకు దగ్గరగా, రమారమి ఒక మిల్లీమీటరున్నర జరుపుతాడు. పుష్‌రాడ్ ఆ మేరకు లోపలికి వాలుతుంది. హెడ్‌లో అది దూరే రంధ్రం ఇరుకైతే గోడను రాస్తుంది. ఆ రాపిడి మొదట వినపడదు. నూనెలో లోహపు పొడి కనపడినప్పుడే తెలుస్తుంది. కొన్ని హెడ్లకు ఆ రంధ్రాన్ని ఒక ప్రత్యేక గైడ్ సాయంతో పొడవుగా తొలవాల్సి వస్తుంది.

1996 నుంచి వచ్చిన వోర్టెక్ ఇనుప హెడ్లు ఈ ఎంపికకు మంచి పరీక్ష. చవక ధరలో వాటంత గాలి పోనిచ్చే షెవర్లే ఇనుప హెడ్ లేదు, కాబట్టి లిఫ్ట్ పెంచితే ఫలితం ఉంటుంది. కానీ గైడ్ దిమ్మ పొడుగు వల్ల 0.460 నుంచి 0.480 అంగుళాల నడుమే రిటైనర్ తగలడం మొదలవుతుంది, స్టడ్లు కూడా ప్రెస్‌తో కొట్టినవి. పాత 350లలో విస్తారంగా వాడిన ఒక మామూలు క్యామ్ ఉంది. దాని లిఫ్ట్ 1.5 మీద ఇన్‌టేక్‌కు 0.390, ఎగ్జాస్ట్‌కు 0.410. 1.6 పెడితే 0.416, 0.437 అవుతుంది, ఏ గొడవా లేదు. 327 ఇంజన్‌ను 350 హార్స్‌పవర్‌కు తీసుకెళ్లిన పాత క్యామ్‌కు 0.447. దాన్ని 1.6తో 0.477కు లేపితే వోర్టెక్ హెడ్‌పై హద్దు అంచున నిలబడ్డట్టు. షెవర్లే మాతృసంస్థ జీఎమ్ అమ్మిన జెడ్‌జెడ్4 క్యామ్ 0.474, 0.510 ఇస్తుంది. దాన్ని హెడ్‌లో యంత్రపు పని చేయించకుండా 1.6తో నడపాలనుకోవడం దుస్సాహసం. జీఎమ్ వాళ్ల హాట్ క్యామ్‌ను మాత్రం 1.6ను దృష్టిలో పెట్టుకునే అమ్మారు. 1.5తో 0.492, 1.6తో 0.525 అని రెండు అంకెలూ ఇచ్చారు.

అంకె చెప్పేది వేరు, డయల్ ఇండికేటర్ చెప్పేది వేరు

పెట్టె మీద 1.5 అని ఉన్నంత మాత్రాన అది 1.5 కాదు. అచ్చుగుద్దిన ఫ్యాక్టరీ రాకర్లను కొలిచినప్పుడు ఆ అంకెకు కొంత తక్కువే తరచుగా వస్తుంది, ఒకే సెట్‌లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉంటుంది. మంచి రోలర్ రాకర్లతో అదే 1.5 అంకె మీద కూడా లిఫ్ట్ పెరిగిందనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. రాకర్ వర్తులాకారంలో ఊగుతుంది గనుక లిఫ్ట్ మొదట్లో, మధ్యలో, చివరలో అసలు రేషియో ఒకేలా ఉండదు కూడా. రాకర్ వాల్వు కాండం మీద ఎక్కడ మొదలై ఎక్కడికి జరుగుతుందన్నది పుష్‌రాడ్ పొడవు తేలుస్తుంది. కాండం కొనపై మార్కర్ ఇంకు పూసి, ఇంజన్ తిప్పి చూస్తే పడే గీత సన్నగా, మధ్యకు దగ్గరగా ఉండాలి. వెడల్పుగా ఉంటే పుష్‌రాడ్ పొడవు మార్చాలి. 1.6 రాకర్లు పెట్టి పాత పుష్‌రాడ్లే ఉంచి, గైడ్లు అరిగిపోయాయని ఏడాది తర్వాత వాపోయేవాళ్ల తప్పు ఇక్కడే ఉంటుంది.

రాకర్ జాతిని బట్టి కూడా కొన్ని చిక్కులున్నాయి. 1980ల చివరి నుంచి స్మాల్ బ్లాక్ రాకర్లకు కొస దగ్గర రెండు చెవులు వచ్చాయి. అవి వాల్వు కాండాన్ని ఒరుసుకుని రాకర్‌ను తిన్నగా ఉంచుతాయి. వీటిని పుష్‌రాడ్ గైడ్ ప్లేట్లతో కలిపి వాడకూడదు. రెండూ దారి చూపబోతే రాకర్ ఇరుక్కుంటుంది. గైడ్ ప్లేట్లు ఉంటే గట్టిపరచిన పుష్‌రాడ్లు తప్పనిసరి. అచ్చు రాకర్‌లో స్టడ్ దూరే గాడి పొడవు తక్కువ కనుక ఎక్కువ లిఫ్ట్ దగ్గర దాని అంచు స్టడ్‌ను కొడుతుంది. అప్పుడు పొడుగు గాడి రాకర్లు వెతుక్కోవాలి. ప్రెస్‌తో కొట్టిన మూడెనిమిదో వంతు అంగుళం స్టడ్ గట్టి స్ప్రింగుల ధాటికి మెల్లగా పైకి లేచి వచ్చేస్తుంది. అక్కడ మరతో బిగించే స్టడ్లు వేయించాలి. రోలర్ రాకర్ ఇరుసు దగ్గర సూది బేరింగులు, కొస దగ్గర చక్రం ఉండటం వల్ల ఒరిపిడి, వేడి తగ్గుతాయి. అవి లావుగా ఉంటాయి కాబట్టి పాత వాల్వ్ కవర్ మూత పడకపోవచ్చు. అల్యూమినియం రాకర్లు పందేల్లో బాగా నప్పుతాయి. ఏళ్ల తరబడి లక్ష కిలోమీటర్లు తిరగాల్సిన బండికి ఉక్కువే మేలని నా అభిప్రాయం, లోహం అలసట లెక్క అల్యూమినియానికి అనుకూలంగా ఉండదు.

ఎంపిక

మెత్తటి క్యామ్, మంచి హెడ్, 0.460 లోపు లిఫ్ట్ ఉన్న ఇంజన్‌కు 1.6 రాకర్లు నిక్షేపంగా పనికొస్తాయి. హెడ్ పాతదైతే లాభం తగ్గుతుంది. ఆ డబ్బు హెడ్ల మీద పెట్టడం మంచిది. కొత్త తరహా రోలర్ క్యాముల లోబ్‌లు ఇప్పటికే గట్టి త్వరణంతో గీసినవి. వాటి మీద రేషియో పెంచితే స్ప్రింగులు నిలవలేక పై ఆర్‌పీఎమ్‌లో వాల్వులు తేలడం మొదలవుతుంది, ఉన్న శక్తి కూడా పోతుంది. అలాంటి చోట 1.5తోనే ఆగడం తెలివైన పని. స్మాల్ బ్లాక్‌లో ఎగ్జాస్ట్ పోర్ట్ బలహీనం గనుక ఎగ్జాస్ట్ వైపు మాత్రమే 1.6 పెట్టడం ఒక పద్ధతి. ఎగ్జాస్ట్ బాగా ఉన్న హెడ్ మీద ఇన్‌టేక్‌కు 1.6, ఎగ్జాస్ట్‌కు 1.5 పెట్టేవాళ్లూ ఉన్నారు. ఎగ్జాస్ట్ లోబ్ ఇప్పటికే పెద్దదిగా గీసిన క్యామ్‌లో మొదటి పద్ధతికి అర్థం లేదు.

సాలిడ్ లిఫ్టర్ ఇంజన్‌లో ఒక చిన్న మెలిక ఉంది. ల్యాష్‌ను, అంటే రాకర్‌కూ వాల్వుకూ మధ్య వదిలే సందును, వాల్వు వైపు కొలుస్తాం, క్యామ్ చూసేది దాన్ని రేషియోతో భాగించగా వచ్చిన అంకెను. 0.022 అంగుళాల ల్యాష్ 1.5 మీద లిఫ్టర్ దగ్గర 0.0147, 1.6 మీద 0.0138. అంటే అదే ఫీలర్ గేజ్ పెట్టినా వాల్వు కాస్త ముందే తెరుచుకుని కాస్త ఆలస్యంగా మూసుకుంటుంది. హైడ్రాలిక్ లిఫ్టర్లకు ఆట పోయేదాకా బిగించి, ఆ పైన అర నుంచి ఒక చుట్టు తిప్పడం మామూలు పద్ధతి. రాకర్లు మార్చిన ప్రతిసారీ దీన్ని కొత్తగా చేయాలి.

ఇలాంటి వీ8లు మన రోడ్ల మీద అరుదు. పుష్‌రాడ్, రాకర్ మాత్రం మన మెకానిక్కులకు కొత్త కాదు. అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎమ్‌సీ పెట్రోల్ ఇంజన్‌కు ట్యాపెట్లు సెట్ చేసినవాళ్లు, బుల్లెట్ రాకర్లు సరిచేసినవాళ్లు ఆంధ్రలో, తెలంగాణలో ఊరికొకరు ఉండేవారు. అంబాసిడర్ ఇంజన్‌కు తమ్ముడి వరసైన బీఎమ్‌సీ ఏ సిరీస్ ఇంజన్‌తో వచ్చిన మినీ కారులో రేషియో 1.25 ప్రాంతంలో ఉండేది. 1.5 రోలర్ రాకర్లు దానికి ఇంగ్లండ్‌లో ఎంతో పేరున్న మార్పు. స్మాల్ బ్లాక్‌లో ఏడు శాతం లిఫ్ట్ లాభం దగ్గర ఆగిన ఆట అక్కడ ఇరవై శాతం దాకా పోతుంది. కొత్తగా ఇంజన్ కట్టుకునేవాళ్లు ఈ తేడా చూడకుండా మినీ కథలను వీ8కు అతికిస్తే నిరాశే మిగులుతుంది.

అమెరికాలో చట్టం మాటా చూసుకోవాలి. కాలిఫోర్నియాలో ఉద్గారాలను ప్రభావితం చేసే విడి భాగానికి అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు మినహాయింపు ఉత్తర్వు ఉండాలి. అది లేని భాగంతో పొగ పరీక్షకు వెళితే తనిఖీలోనే ఆపేస్తారు.

ఎల్‌ఎస్ ఇంజన్లలో ఈ చర్చ చాలావరకు ముగిసినట్టే. ఫ్యాక్టరీ 1.7 రాకర్లు తేలికగా, గట్టిగా ఉండి కొసన చక్రం లేకున్నా ఒరిపిడి తక్కువ. వాటి బలహీనత రేషియోలో లేదు, ఇరుసులోని సూది బేరింగుల్లో ఉంది. గట్టి స్ప్రింగులు, ఎక్కువ లిఫ్ట్ పెట్టాక అవి చెదిరి రాలిపోతుంటాయి. అందుకే ఎల్‌ఎస్ కట్టేవాళ్లు 1.8 కోసం వెతకడం తక్కువ. ఆ సూది బేరింగుల స్థానంలో బుష్‌లు గానీ, గూడున్న బేరింగులు గానీ వేయించి, కావలసిన లిఫ్ట్‌ను క్యామ్‌లోనే గీయించుకుంటున్నారు.